మిద్దె తోటకు క్యారెట్ కిట్టు: గింజలు మంచివి, మట్టి కాదు

హైదరాబాదులో మా డాబా మీద ఆరేళ్లుగా వంగ, టమాటా, ఆకుకూరలు పండిస్తున్నా క్యారెట్ జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. నిరుడు సెప్టెంబరులో ఆన్‌లైన్‌లో 450 రూపాయలకు ఒక కిట్టు తెప్పించాను. నాంటిస్ రకం గింజల పొట్లం, 9 అంగుళాల లోతున్న రెండు గ్రో బ్యాగులు, ఒక సంచి మట్టి మిశ్రమం, తెలుగులో అచ్చువేసిన సూచనల కాగితం అందులో ఉన్నాయి.

క్యారెట్ గింజ త్వరగా మొలకశక్తిని కోల్పోతుంది కాబట్టి నేను మొదట చూసింది పొట్లం మీది పరీక్ష తేదీని, గడువును. రెండూ స్పష్టంగానే ఉన్నాయి. విత్తే ముందు 50 గింజలను తడి గుడ్డలో ఉంచితే పది రోజుల్లో 38 మొలిచాయి. ధ్రువీకృత క్యారెట్ విత్తనానికి మన దేశంలో నిర్దేశించిన కనీస మొలక శాతం 60 కాగా, ఇక్కడ 76 వచ్చింది. గింజల విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

చిక్కంతా మట్టితోనే. అక్టోబరు రెండో వారంలో ఒక బ్యాగును కిట్టు మట్టితోను, రెండోదాన్ని జల్లించిన ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన నా మట్టితోను నింపి, అర అంగుళం లోతున వరుసలుగా విత్తి, మొలకలు కనబడేవరకు తడి గోనెపట్టా కప్పి ఉంచాను. మొలకలు రెండింటిలోనూ సమానంగా వచ్చాయి. మూడు వారాలకు రెండేసి అంగుళాల ఎడం ఉంచి తక్కిన మొక్కలను పీకేశాను. అలా పీకడానికి మనసొప్పనివారు క్యారెట్ పెట్టకపోవడమే మేలు. 95వ రోజున తవ్వితే నా మట్టిలోని దుంపలు ఆరంగుళాల పొడవున తిన్నగా ఉండగా, కిట్టు మట్టిలోనివి రెండుగా, మూడుగా చీలి అల్లం కొమ్ముల్లా వచ్చాయి. ఆ బ్యాగును బోర్లించి చూస్తే కొబ్బరి పీచు ఉండలు, సగం చివికిన ఎరువు ముక్కలు గుప్పెళ్లకొద్దీ దొరికాయి. లేత తల్లివేరు కొసకు గట్టి వస్తువు అడ్డుపడినా, పచ్చి ఎరువు తగిలినా దుంప చీలిపోతుంది.

సూచనల కాగితం మరింత నిరాశపరిచింది. నారు పోసి నాటవచ్చని అందులో రాశారు. పీకి నాటేటప్పుడు తల్లివేరు దెబ్బతింటుంది కనుక క్యారెట్‌ను నేరుగా విత్తడమే పద్ధతి. ఏడాది పొడవునా పండుతుందన్న మాట కూడా నిజం కాదు. ఈ రకానికి 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం దొరికితేనే దుంపకు మంచి రంగు, ఆకారం వస్తాయి. పరీక్షించి చూద్దామని ఫిబ్రవరి చివర మరో విడత నా మట్టిలోనే విత్తితే, మే నెలకు ఆకు గుబురుగా పెరిగిందే గాని, అడుగున చిటికెన వేలంత పాలిపోయిన దుంపలే దొరికాయి.

కిట్టు మొత్తానికి అయిదులో రెండు మార్కులు ఇస్తున్నాను, అవీ గింజలను చూసే. అదే సంస్థ గింజల పొట్లాన్ని విడిగా 60 రూపాయలకు అమ్ముతోంది. ఈ అక్టోబరుకు నేను కొనబోయేది అదొక్కటే.