రాత్రి మాత్ర: రెండేళ్ల తర్వాత

మిర్టజపిన్ అనే ఈ రాత్రి మాత్ర మీద నాకున్న కోపం ఒక్కటే. ఆకలి ఇంతలా పెరుగుతుందని ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఆందోళనకు పొద్దున ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా., రాత్రి మిర్టజపిన్ 15 మి.గ్రా. మొదలుపెట్టిన రోజు నా బరువు 46 కిలోలు. దానికి నాలుగు నెలల ముందు 54. గుండెదడ, కడుపులో తిప్పడం, ముద్ద గొంతు దిగకపోవడం. జాకెట్లన్నీ రెండుసార్లు బిగించి కుట్టుకున్నాను. బిడ్డ మళ్లీ మనిషైతే నిలువెత్తు బెల్లం తులాభారం ఇస్తానని అమ్మ కొండకు మొక్కుకుంది.

రాత్రి మాత్ర మొదటి రోజే నిద్ర పట్టించింది. నెల తిరిగేసరికి సంగటి, ఊరిబిండి కడుపునిండా తిన్నాను. ప్రాణం పోసిన మాత్ర అని అడిగినవాళ్లందరికీ చెప్పాను. పొద్దున పది దాకా మత్తు వదలదనీ, బడిలో మొదటి పీరియడ్ కూర్చునే చెప్పేదాన్ననీ మాత్రం అప్పుడు చెప్పలేదు.

ఆ ఆకలి అక్కడితో ఆగలేదు. అన్నం తిన్న గంటకే మళ్లీ వంటింట్లో తీపి డబ్బాల దగ్గర ఉండేదాన్ని. ఏడాదికి 63 కిలోలు. "బాగా ఒళ్లు చేశావే పాపా" అని వీధంతా అనేవాళ్లే. మెలకువనూ ఆకలినీ అదుపులో ఉంచే హిస్టమిన్ అనే రసాయనం పనిని ఈ మందు ఒంట్లో అడ్డుకుంటుందనీ, మత్తూ ఆకలీ చాలావరకు అందువల్లేననీ తర్వాతెప్పుడో తెలిసింది. ఆ ఒక్క మాట ముందే తెలిసుంటే, నోరు కట్టుకోలేనిదాన్నని అన్ని నెలలు నన్ను నేను తిట్టుకునేదాన్ని కాదు.

ఆ కోపంలోనే ఒక బుధవారం డాక్టరును అడక్కుండా రాత్రి మాత్ర ఒక్కసారిగా మానేశాను. మూడు రాత్రులు కంటి మీద కునుకు లేదు, ఒకటే వికారం. అయినా బరువు తగ్గాలని ఆదివారం తెల్లవారుజామున అలిపిరి వెళ్లాను. 3,550 మెట్లలో మూడొందలు దాటకముందే ఆ పాత గుండెదడ మళ్లీ పట్టుకుంది. చేతులు చల్లబడి అక్కడే కూలబడ్డాను. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వస్తున్న ఒక పెద్దామె ఆగి, నీళ్లు తాగించి, "కళ్లు తిరగతా ఉండాయా పాపా? దిగిపో. సామి యాడికీ పోడు" అంది. ఆమే కొంతదూరం నా చెయ్యి పట్టుకుని దింపింది.

డాక్టరు తిట్టలేదు. థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించి, మాత్ర మళ్లీ మొదలుపెట్టించి, 7.5కు తగ్గించి, కొన్ని వారాలకు ఆపించారు. పొద్దున మాత్ర కొనసాగుతోంది. దానితోనూ కొందరికి కాలం గడిచేకొద్దీ కాస్త బరువు పెరుగుతుందట. నాకు ఇప్పుడు 58. 54కు దిగలేదు, అది ఏ మాత్ర వల్లో తేల్చి చెప్పలేను.

నిద్రా తిండీ పోయి చిక్కిపోయిన నాకు మొదటి ఆరు నెలలు రాత్రి మాత్ర అవసరమే. ముందే బరువున్నవాళ్లకూ షుగరున్నవాళ్లకూ నా మాట వర్తించకపోవచ్చు. బరువు సంగతి మొదటి రోజే డాక్టరును అడగండి.

అమ్మ మొక్కు నేను 63 కిలోలున్నప్పుడే తీరింది. తక్కెడ ఎక్కడానికి నాకు సిగ్గేసింది. అవతలి పళ్లెంలో బెల్లం పెట్టేకొద్దీ అమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది.