ఆదివారం లాంగ్ రన్: నెమ్మదిగా పరిగెత్తడానికీ రుసుమే

మూడు నెలలకు 4,500 రూపాయలు. అదీ నెమ్మదిగా పరిగెత్తించడానికి. విన్న రోజున మావారు నవ్వి, "ఆ మాత్రం దానికి డబ్బెందుకు, నాతో కూరగాయల మార్కెట్‌కి రా" అన్నారు. ప్రతి ఆదివారం లాంగ్ రన్, అంటే దూరపు పరుగు, చేయించే ఈ శిక్షణ బృందంతో ఒక సీజన్ గడిపాను కాబట్టి ఆ రుసుము దేనికి చెల్లుతుందో, దేనికి చెల్లదో చెప్పగలను.

చెల్లేది ముఖ్యంగా పేసర్‌కి, అంటే మాతోపాటు పరిగెత్తుతూ వేగం కుదిర్చే మనిషికి. ఒంటరిగా పరిగెత్తే వాళ్లందరికీ తెలిసిన సంగతే, పక్కనుంచి ఎవరైనా దాటిపోతే కాళ్లు మాట వినవు. మా గుంపును నడిపించే పెద్దాయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. వాచీ కన్నా మా నోళ్లను ఎక్కువ నమ్ముతారు. "అమ్మా, నిన్న ఏం కూర వండారు?" అంటారు. "గుత్తివంకాయండీ, నువ్వులు వేయించి పొడి కొట్టి కూరాను" అని ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే సరే. "గుత్తి" దగ్గర ఒకసారి, "వంకాయ" దగ్గర ఒకసారి రొప్పితే అరచేయి కిందికి ఊపుతారు, తగ్గించమని. ట్యాంక్‌బండ్ మీద కొత్తవాళ్ల చేత విగ్రహాల పేర్లు చెప్పిస్తారు. వేమన, మొల్ల, పోతన అని గడగడా వచ్చిందా, వేగం సరిపోయినట్టే. పేర్లు తెలియని కుర్రాళ్లకు ఆయాసం ఒక సాకు!

నా హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్లు) 2 గంటల 28 నిమిషాలు, అంటే కిలోమీటరుకు 7 నిమిషాలు. ఆదివారం మాత్రం 8కి తగ్గనివ్వరు. ఇలా తీరిగ్గా పరిగెత్తితే ఒంట్లోని కొవ్వు ఎక్కువగా ఖర్చవుతుందని, కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం తొందరగా అడుగంటదని, వారాలు గడిచేకొద్దీ కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయని కోచ్ చెబుతారు. నాకు వెంటనే తెలిసిన లాభం వేరు. సోమవారం బ్యాంకులో మెట్లెక్కుతుంటే మోకాళ్లు పట్టుకోవాల్సిన అవసరం రావడం లేదు.

దారి పీపుల్స్ ప్లాజా నుంచి సంజీవయ్య పార్కు, ట్యాంక్‌బండ్, సచివాలయం మీదుగా హుస్సేన్‌సాగర్ చుట్టూ. గాలి ఇటు తిరిగితే సాగర్ వాసన మన వెంటే వస్తుంది. దానికి కోచ్ ఏం చేస్తారు పాపం. కానీ ఈ దారి దాదాపు చదును. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు వెళ్లేవాళ్లు ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. అందుకు కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఎగుడుదిగుళ్లే మంచి సాధన. అక్కడికి నెలకోసారి తీసుకెళ్తే చాలదు. రెండు వారాలకోసారైనా ఉండాలి.

నీళ్ల ఏర్పాటు బాగుంది. స్కూటర్ మీద క్యాన్, పక్కన ఉప్పూ చక్కెరా వేసిన నిమ్మరసం, పల్లీపట్టీ ముక్కలు. గ్లాసులు స్టీలువి. ఎవరు తాగినది వాళ్లే తొలిచి బోర్లించాలి. రోడ్డు పక్కన పేపరు కప్పుల గుట్ట వదిలి వెళ్లే బృందాలను చూశాక ఈ ఒక్క నియమానికే వీళ్ల మీద గౌరవం కలిగింది.

ఇక చెల్లనివి. 5 గంటలకు రమ్మంటారు, బ్యానర్ పట్టుకుని ఫోటో దిగేసరికి 5.20. ఎండాకాలంలో ఆ ఇరవై నిమిషాలూ చివరి కిలోమీటర్లలో మన నెత్తిమీదే పడతాయి. పరుగయ్యాక ఒళ్లు సాగదీసే వ్యాయామాలు హడావిడిగా ముగిస్తారు, అందరి కళ్లూ ఇడ్లీల మీదే కాబట్టి. అన్నిటికంటే పెద్ద లోపం, రెండు గంటలు దాటే పరుగులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడో ముందుగా చూసి పెట్టరు. మగవాళ్లే గీసిన దారి అని అక్కడ తెలిసిపోతుంది.

మొదటిసారి 10 కిలోమీటర్లు దాటాలనుకునేవాళ్లు, ఎప్పుడూ పిక్కలు పట్టేసి మధ్యలో మానేసేవాళ్లు నిశ్చింతగా చేరవచ్చు. రికార్డుల కోసం పరిగెత్తేవాళ్లకు ఆదివారం విసుగు పుడుతుంది. నేను వచ్చే మూడు నెలలకూ కట్టేశాను. మరుగుదొడ్డి సంగతి రాసిచ్చాను. ఇంకా జవాబు రాలేదు.