గ్లాక్ 19 జెన్ 5: 1,200 రౌండ్లు కాల్చాక కనిపించిన గీతల సంగతి

గ్రీన్ కార్డు వచ్చిన ఏడాదికి డాలస్ దగ్గర ఒక షాపులో గ్లాక్ 19 జెన్ 5 (ఐదో తరం) పిస్టల్ కొన్నాను. నెలకు రెండుసార్లు రేంజ్‌కి తీసుకెళ్తాను. ఇప్పటికి 1,200 రౌండ్లు (తూటాలు) దాటాయి. చేతిలో బాగా ఇముడుతుంది, గురి కుదురుతుంది, మ్యాగజైన్‌లో 15 రౌండ్లు పడతాయి. ఇవి ఎవరైనా చెప్తారు. మొదటిసారి పిస్టల్ కొన్న మనవాళ్ల కోసం నేను రాయాలనుకున్నది వేరే. విప్పి తుడిచేటప్పుడు కనిపించే గీతలు, రేంజ్‌లో అది చేసే వింత పనులు చూసి నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. ఏది మామూలో, ఏది కాదో తేల్చుకోవడానికి మూడు నెలలు పట్టింది.

300 రౌండ్లయ్యాక ఒక ఆదివారం విప్పాను. కొన్నప్పుడు నల్లగా నిగనిగలాడిన బ్యారెల్ (గొట్టం) మీద, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) పైభాగంలో అటూ ఇటూ తెల్లటి మెరుపు. మూతి దగ్గర వంపు తిరిగిన గీత. పాడైపోయిందనే అనుకున్నాను. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేశారు. పిస్టల్ ఎప్పుడూ పట్టుకోలేదు కానీ ఇనుము సంగతి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. వీడియో కాల్ చేసి బ్యారెల్ చూపించాను.

"గోరు పెట్టి అడ్డంగా గీకు. ఆగుతోందా, జారిపోతోందా?" అన్నారు.

జారిపోయింది.

"అయితే పోయింది పూతేరా. ఇనుము అలాగే ఉంది. గోరు ఆగిందనుకో, అప్పుడు గాడి పడుతున్నట్టు. అప్పుడు చెప్పు నాకు."

ఆ ఒక్క మాటతో నా భయం చాలావరకు పోయింది. తర్వాత అక్కడే ఎందుకు అరుగుతోందో తెలుసుకున్నాను. కాల్చిన ప్రతిసారీ స్లైడ్ (బ్యారెల్‌ని కప్పి ముందుకీ వెనక్కీ కదిలే పైభాగం), బ్యారెల్ కలిసి కొద్ది దూరం వెనక్కి వస్తాయి. అక్కడ బ్యారెల్ వెనుకభాగం కిందికి దిగుతుంది, స్లైడ్ దాని పట్టు విడిపించుకుని ఒక్కటే వెనక్కి పోతుంది. అంటే బ్యారెల్ ప్రతిసారీ వంగి లేస్తోంది. స్లైడ్‌కి తగిలే చోట్ల పూత అరగక తప్పదు. చూడాల్సింది మెరుపు రెండు పక్కలా ఇంచుమించు సమానంగా ఉందా లేదా అని. ఒకవైపే లోతుగా కోస్తూ ఉంటే వెంటనే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి చూపించాలి.

స్లైడ్ లోపల ఫైరింగ్ పిన్ సేఫ్టీ అని గుండీలాంటి చిన్న ముక్క ఉంటుంది. దాని మీద కూడా నెలవంకలా ఒక మెరుపు వచ్చింది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు కదిలే ట్రిగ్గర్ బార్ దాన్ని పైకి నెట్టే చోటు అది, కాబట్టి అదీ మామూలే. కొత్త పిస్టల్ స్లైడ్ లోపల రాగి రంగులో జిడ్డుగా కనిపించేది మురికి కాదు, కంపెనీవాళ్లు పెట్టిన గ్రీజు. తుడిచెయ్యొద్దని వాళ్ల మాన్యువల్‌లోనే ఉంది. నేను చదవకముందే సగం తుడిచేశాను, ఇప్పటికీ బాధగానే ఉంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. అందుకే మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, రెండోసారి మళ్లీ అదంతా చెయ్యండి. అప్పుడు కూడా మూతి ప్రమాదం లేని వైపే ఉండాలి. మా ఇంట్లో పిస్టల్ విప్పే గదిలోకి తూటాలు రానివ్వను.

ఇక వింత పనులు. ఆఖరి రౌండ్ పేలాక స్లైడ్ వెనక్కి ఆగిపోవాలి. నా చేతిలో పదిసార్లకు నాలుగుసార్లు ఆగేది కాదు. స్ప్రింగ్ పోయిందేమో, మ్యాగజైన్ బాగోలేదేమో అని మ్యాగజైన్లు కూడా మార్చి చూశాను. ఒకరోజు రేంజ్‌లో మా ఆవిడ అదే పిస్టల్‌తో, అవే తూటాలతో మూడు మ్యాగజైన్లు కాల్చింది. మూడుసార్లూ ఆగింది. అప్పుడు నా చేతి వైపు చూసుకున్నాను. జెన్ 5కి స్లైడ్‌ని వెనక్కి ఆపే స్లైడ్ స్టాప్ లీవర్ రెండు పక్కలా ఉంటుంది, నా బొటనవేలు దాన్ని కిందికి నొక్కి పట్టుకుంటోంది. వేలు అర అంగుళం పక్కకి జరిపాను. ఆ తర్వాత మళ్లీ ఆ సమస్య రాలేదు. అందుకే అనుమానం వస్తే ముందు చెయ్యి మార్చి, తర్వాత తూటా మార్చి చూడమంటాను. అప్పటికీ అదే తేడా వస్తుంటేనే పిస్టల్‌ని అనుమానించాలి.

స్లైడ్ వెనక్కి ఆగి ఉన్నప్పుడు మ్యాగజైన్ గట్టిగా తోస్తే ఒక్కోసారి స్లైడ్ దానంతటదే ముందుకు దూకుతుంది. చాలా పిస్టళ్లు ఇలా చేస్తాయి. దాని మీద ఆధారపడకండి, రౌండ్ ఎక్కిందో లేదో ఎప్పుడూ నమ్మకంగా చెప్పలేం. ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కాక ఆ ట్రిగ్గర్ వెనకే ఉండిపోవడం కూడా లోపం కాదు, స్లైడ్ లాగితే ముందుకొస్తుంది.

కానీ ఒక్క నొక్కుకి రెండు పేలినా, స్లైడ్ పూర్తిగా మూసుకోకుండా ఆగిపోతున్నా, పేలాక బయటపడే ఖాళీ కేస్ (తూటా తొడుగు) ఉబ్బినా చీలినా, ఎక్కడైనా వెంట్రుకంత పగులు కనిపించినా ఇంకొక్క రౌండ్ కూడా కాల్చొద్దు.

నా పిస్టల్‌లో గోరు ఆగిన చోటు ఒక్కటే ఉంది. బ్యారెల్ కింద పొడుచుకొచ్చిన లగ్ అంచున, దాన్ని కిందికి దించే లాకింగ్ బ్లాక్‌కి తగిలే దగ్గర, ఆవగింజలో సగం కూడా లేని నొక్కు. గన్‌స్మిత్ భూతద్దంతో చూసి, రెండూ ఒకదానికొకటి సర్దుకుంటున్నాయి, పెరుగుతోందేమో మాత్రం కనిపెట్టుకుని ఉండమన్నాడు. అప్పటికి 800 రౌండ్లు. ఆరోజే ఫొటో తీసి తేదీ రాసుకున్నాను. 1,200 దగ్గర తీసిన ఫొటో పక్కన పెట్టి నాన్నకి పంపితే, "అదే సైజు. 2,000కి మళ్లీ పంపు" అన్నారు.