నూనె సీసానా, రక్త పరీక్షా?

హనుమకొండ చౌరస్తాలో మా చెల్లెలు గుంటగలగరాకు నూనె కొంది. నేను రక్త పరీక్ష అన్నాను. దువ్వెన నిండా జుట్టేనని ఆమె బెంగ. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. గుప్పెళ్లుగా ఊడితే మాత్రం కారణం తరచూ లోపలే ఉంటుంది: ఇనుము లోపం, థైరాయిడ్, కాన్పు, లేదా రెండు మూడు నెలల కిందటి జ్వరం. ఆమెకు వానాకాలంలో డెంగీ వచ్చింది, దీపావళి దాటాక జుట్టు రాలడం మొదలైంది. లెక్క సరిపోయింది కదా! జ్వరం వల్ల రాలేది సాధారణంగా ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం నూనెకే వస్తుంది.

నూనె దండగ అనను. వెంట్రుక పొడిబారి తెగకుండా కాస్త కాపాడుతుంది, మర్దనా హాయి. ఇనుము సీసాలోంచి రాదు. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ, తక్కువగా ఉండవచ్చు, అది పరీక్షలోనే తేలుతుంది. నేనైతే పరీక్షకే ఓటేస్తాను. ఆమె నూనె కూడా రాస్తూనే ఉంది, డబ్బు పెట్టి కొన్నది మరి.