బోస్టన్ టైమ్‌కి ఏ రేసు మేలు: ముంబయా, ఢిల్లీయా, హైదరాబాదా? గోదారి డెల్టా నుంచి చూస్తే

అమలాపురం, భీమవరం, కాకినాడ, రాజమండ్రి, ఏ ఊరి రన్నర్‌ని కదిపినా ఒకటి రెండు ఫుల్ మారథాన్‌లు అయ్యాక అడిగే మాట ఒకటే. అమెరికాలోని బోస్టన్ మారథాన్‌కి దరఖాస్తు పెట్టాలంటే ముందు ఇంకో మారథాన్‌లో తెచ్చుకోవాల్సిన క్వాలిఫైయింగ్ టైమ్ కోసం ఏ రేసు మీద గురి పెట్టాలి? ముంబయి అంటారు ఎక్కువమంది, దానికున్న పేరు చూసి. హైదరాబాద్ అంటారు ఇంకొందరు, రాత్రికి రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చని. నా ఓటు ఢిల్లీకి. ఢిల్లీ రోడ్డు చదునుగా ఉంటుందన్నది అందులో చిన్న కారణమే. రేసు మూడు గంటల పని. దానికి ముందు పదహారు వారాలు మనం పరిగెత్తేది ఇక్కడి కాలవ గట్ల మీద, పంట చేల మధ్య రోడ్ల మీద. ఆ పదహారు వారాలు ఏ కార్తెల్లో పడతాయో చూసుకుని రేసు ఎంచుకోవాలి.

ముందు అంకెలు. 2026 బోస్టన్ నుంచి అరవై ఏళ్లలోపు వాళ్లందరికీ ప్రమాణం అయిదు నిమిషాలు బిగించారు. మగవాళ్లలో 18–34 ఏళ్లకు 2:55 (రెండు గంటల 55 నిమిషాలు), 35–39కి 3:00, 40–44కి 3:05, 45–49కి 3:15. ఆడవాళ్లకు ప్రతి వయసు గ్రూపులోనూ అరగంట ఎక్కువ. లెక్కలోకి వచ్చేది బోస్టన్ రేసు రోజుకు మీకున్న వయసు. ఇప్పుడు 39 నడుస్తున్నా, ఏప్రిల్‌లో జరిగే ఆ రేసు నాటికి 40 నిండితే 3:05 చాలు. అయితే టైమ్ వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. దరఖాస్తులు ఎక్కువైతే వేగంగా పరిగెత్తినవాళ్లను ముందు తీసుకుంటారు. 2024లో ప్రమాణం కంటే 5 నిమిషాల 29 సెకన్లు తక్కువ ఉంటేనే చోటు దొరికింది, 2025లో 6:51. ప్రమాణం బిగించాక కూడా 2026లో 4:34 కావలసి వచ్చింది. కాబట్టి 42 ఏళ్ల మగమనిషి 3:05 అని రాసుకుని సాధన చేస్తే లాభం లేదు, మూడు గంటలు అని రాసుకోవాలి. అంటే కిలోమీటరుకి 4 నిమిషాల 15 సెకన్లు, రన్నర్ల మాటలో 4:15 పేస్. అలాగే 36 ఏళ్ల ఆడమనిషి 3:25 అనుకోవాలి, కిలోమీటరు 4:51.

ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుతూ ఆ పేస్ 42 కిలోమీటర్లు నిలబెట్టడం చిన్న విషయం కాదు. వారానికి డెబ్భై నుంచి తొంభై కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే ఈజీ రన్, వారానికి ఒక టెంపో (కష్టంగా ఉన్నా అదుపులో ఉండే వేగంతో పరుగు), ఒక లాంగ్ రన్. కొన్ని లాంగ్ రన్‌లలో ఆఖరి పది, పదిహేను కిలోమీటర్లు రేసు పేస్‌లోనే పరిగెత్తాలి. ఈ ఆఖరి రకం పరుగులే ఫలితాన్ని తేలుస్తాయి. వాతావరణం ముందుగా దెబ్బకొట్టేదీ వీటినే. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అప్పుడు కాళ్ల కండరాలకు వెళ్లాల్సిన రక్తంలో కొంత చర్మానికి మళ్లుతుంది. కాళ్లలో సత్తువ ఉన్నా 4:15 పడదు. పట్టుబట్టి పడేస్తే ఆ అలసట తీరడానికి వారం పోతుంది.

ఇక హైదరాబాద్. రేసు ఆగస్టు చివరి ఆదివారం. పదహారు వారాలు వెనక్కి లెక్కేస్తే మే మొదటివారంలో మొదలుపెట్టాలి. మన దగ్గర కాలవలు కట్టేసే కాలం అది. రోహిణి కార్తెలో తెల్లవారుజామున నాలుగింటికి కూడా గట్టు మీద ఆకు కదలదు. ఆ ఉక్కలో 30 కిలోమీటర్ల పరుగు, అందులో రేసు పేస్ అంటే ఒళ్లు గుల్ల చేసుకోవడమే. ఇంత చేసి వెళ్తే అక్కడ ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు. డెల్టాలో ఎత్తు అంటే వంతెన ఒక్కటే తెలిసిన కాళ్లకు ఆ రోడ్డు మీద పీబీ (మన సొంత రికార్డు టైమ్) ఆశించడం అత్యాశ. హైదరాబాద్‌లో హాఫ్ పరిగెత్తండి, బావుంటుంది. బోస్టన్ టైమ్‌కి మాత్రం వద్దు.

వేసవి వృథా అని నా ఉద్దేశం కాదు. వేడిలో పది, పదిహేను రోజులు నెమ్మదిగా పరిగెత్తితే రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అదే పేస్‌కి గుండె వేగం తగ్గుతుంది. వాచ్‌లో పేస్ చూడ్డం మానేసి ఊపిరిని బట్టి పరిగెత్తే ఈజీ కిలోమీటర్లకు మే, జూన్, జులై మంచి నెలలు. పునాది అప్పుడే వేసుకోవాలి.

ముంబయి సంగతి వేరు, దాన్ని అంత తేలిగ్గా తీసిపారేయలేం. జనవరి మూడో ఆదివారం, పెద్ద రేసు. పక్కన మీ పేస్‌లోనే పరిగెత్తేవాళ్లు వందల్లో దొరుకుతారు. దారి పొడవునా జనం నిలబడి అరుస్తారు. ఒంటరిగా పేస్ పట్టడం రానివాళ్లకు ఆ గుంపే సగం బలం. సముద్రపు ఊరి తేమ మనకు కొత్త కాదు, చలి ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల కంటే మనం బాగానే తట్టుకుంటాం.

ఇబ్బంది ఇక్కడి క్యాలెండర్‌తో. ముంబయికి సాధన సెప్టెంబర్ చివర్లో మొదలవుతుంది. అక్టోబర్, నవంబర్ మనకు తుపానుల నెలలు. 1996 నవంబర్ 6న కోనసీమను ఊడ్చేసిన తుపాను ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది. అలాంటి వారంలో పరుగు గురించి ఆలోచించే మనిషి ఉండడు, ఉండకూడదు కూడా. వాన తగ్గాక గట్లు బురద, తారు రోడ్ల మీద పడిన కొబ్బరి చెట్లు. ఆ వెంటనే సార్వా కోతలు. రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి, బరకాలు కప్పి, అంచున రాళ్లు పెడతారు. రైతుకి అంతకంటే చోటు లేదు, తప్పుకోవాల్సింది మనమే. చీకట్లో ఆ రాళ్లు కనపడక చీలమండ మెలికపడితే సీజన్ అక్కడితో సరి. సరిగ్గా లాంగ్ రన్‌లు 30 దాటాల్సిన వారాలవి.

ఆఖరున సంక్రాంతి. మూడో ఆదివారం అంటే సాధారణంగా పండగ దాటిన వెంటనే. పరుగు తగ్గించి, నిద్ర పెంచి, తెలిసిన తిండి తినాల్సిన టేపర్ వారంలో ఇల్లంతా చుట్టాలు, అరిసెలు, పూర్ణాలు, అర్ధరాత్రి దాకా కబుర్లు. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మీరు మాత్రం ఆ రోజో మర్నాడో బ్యాగు సర్దుకుని బయల్దేరాలి, శనివారంలోపు బిబ్ (చొక్కాకి పెట్టుకునే రేసు నంబరు) తీసుకోవాలి కాబట్టి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ మీదుగానే పోతుంది. పండగకొచ్చి తిరిగెళ్లేవాళ్లతో ఆ రోజుల్లో అందులో బెర్తు దొరకడం గగనం. పండగ వదులుకోండని నేను చెప్పను. ఏడాదికోసారి ఇల్లు నిండేది అప్పుడే. పండగ, రేసు రెండూ దక్కే దారి ఉన్నప్పుడు ఒకదాన్ని పోగొట్టుకోవడం దేనికి?

ఢిల్లీ రేసు ఫిబ్రవరిలో, సాధారణంగా నెలాఖరు ఆదివారాల్లో. జాతీయ మారథాన్ ఛాంపియన్‌షిప్ దానితోపాటే జరుగుతుంది కాబట్టి ముందు వరసలో నిజంగా వేగమున్నవాళ్లు ఉంటారు. రోడ్డు చదును. ఇంకా చీకటి ఉండగానే మొదలవుతుంది, ఎండ ముదరకముందే మూడు గంటల రన్నర్ ఫినిష్ దాటేస్తాడు. సాధన నవంబర్ మొదట్లో మొదలు. తుపాను వచ్చినా అది తేలిక వారాలను తింటుంది, అసలు వారాలను కాదు. ధాన్యం రోడ్ల మీద ఉన్నప్పుడు మీ లాంగ్ రన్ ఇంకా ఇరవై దగ్గరే ఉంటుంది, హైస్కూల్ గ్రౌండ్‌లోనో కాలేజీ గ్రౌండ్‌లోనో లాగించేయొచ్చు. డిసెంబర్ మూడోవారం నుంచి జనవరి ఆఖరు దాకా డెల్టాలో పరుగుకి ఏడాది మొత్తమ్మీద ఉత్తమమైన వారాలు. తెల్లవారుజామున ఇరవై డిగ్రీలకు అటూ ఇటూ. సార్వా ధాన్యం ఇళ్లకు చేరి ఉంటుంది, దాళ్వా ఊడ్పులు మొదలవుతాయి, కాలవ నిండా నీళ్లు, రోడ్లు ఖాళీ. 32 కిలోమీటర్ల పరుగులు మూడు నాలుగు, అందులో రేసు పేస్ భాగాలు, అన్నీ ఆ ఆరు వారాల్లో ఇమిడిపోతాయి. సంక్రాంతి ఆ మధ్యలో పడుతుంది. భోగినాడు తెల్లారకముందే పరుగు ముగించి మంట దగ్గరికి రావచ్చు. ఆ వారం తిన్న అరిసెలు రేసు దాకా మిగలవు, కరిగిపోతాయి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం బయల్దేరే వేళకి మీ లాంగ్ రన్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఇరవై డిగ్రీల్లో 4:15 నిలబెట్టినవాళ్లకు ఢిల్లీ చలి అదనపు బహుమతి. అదే గుండె వేగానికి పేస్ కాస్త మెరుగ్గానే పడుతుంది. ఢిల్లీకి ఉన్న నిజమైన లోటు గాలి. నవంబరంత ఘోరం కాకపోయినా ఫిబ్రవరి గాలి శుభ్రమని ఎవరూ అనలేరు. ఆస్తమా ఉన్నవాళ్లు ముంబయినే చూసుకోవాలి. ఒంటరిగా పేస్ పట్టలేనివాళ్లు, గుంపు లేకపోతే కాళ్లు కదలవనేవాళ్లు కూడా అంతే. వాళ్ల విషయంలో నేను వాదించను.

బెర్లిన్, షికాగో, వాలెన్సియా అని కొందరు అడుగుతారు. రోడ్లు చదును, చల్లదనం, అన్నీ నిజమే. కానీ బెర్లిన్ సెప్టెంబర్ చివర్లో, షికాగో అక్టోబర్‌లో. రెండింటికీ సాధన మన మండుటెండలోనూ, ఆ తర్వాతి ఉక్కలోనూ పడుతుంది. డిసెంబర్ మొదట్లో జరిగే వాలెన్సియా కాస్త నయం. వీసా, టికెట్ల ఖర్చు భరించగలిగితే సరే, లేకపోతే ఆ డబ్బు బోస్టన్ ప్రయాణానికి దాచుకోండి.

కొండలు లేవని దిగులు పడి వారం వారం మారేడుమిల్లి ఘాట్‌కి వెళ్లేవాళ్లున్నారు. ఢిల్లీ టైమ్ కోసం అది అవసరం లేదు. చదును రేసుకి చదును సాధనే సరిపోతుంది. ఆ ప్రయాణానికయ్యే సమయంలో ఇంకో ఈజీ రన్, రెండు గంటల నిద్ర దక్కుతాయి. కాళ్ల బలానికి మెట్లు, స్క్వాట్లు చాలు. సీటు వచ్చాక లెక్క మారుతుంది. బోస్టన్ మొదట్లో దిగుడు, 25 దాటాక న్యూటన్ కొండలు. అప్పుడు మారేడుమిల్లి కావాలి, ఎక్కడానికి ఎంతో దిగడానికి అంతకంటే ఎక్కువ.

తిండి విషయంలో ఒక్క మాట. లాంగ్ రన్ అయ్యాక మనవాళ్లు బొండాం కొట్టించుకుని సరిపెట్టేస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, చెమటలో పోయే సోడియం మాత్రం తక్కువ. ఉప్పేసిన మజ్జిగ ఆ లోటు పూడుస్తుంది. పరుగు మధ్యలో చక్కరకేళి బాగానే ఉంటుంది గానీ 4:15 పేస్‌లో నమలడం కష్టం. రేసులో సత్తువ కోసం మింగే తీపి గుజ్జు, అదే జెల్‌ని, జనవరి లాంగ్ రన్‌లలో గంటకి రెండు చొప్పున కడుపుకి అలవాటు చేయాలి.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఒంటరి గట్టు మీద పరిగెత్తమని ఎవరికీ సలహా ఇవ్వలేను. నలుగురు కలిసి వెళ్లే ఏర్పాటు ఉంటేనే గట్టు, లేకపోతే వెలుతురొచ్చాక రోడ్డు, లేదా గ్రౌండ్. ఇక్కడా ఢిల్లీయే నయం. జనవరిలో ఆరున్నరకి మొదలుపెట్టినా తొమ్మిది దాకా ఎండ ఓర్చుకోవచ్చు, సెప్టెంబర్‌లో ఆ వీలుండదు. అన్నల్లారా, తమ్ముళ్లారా, మీ గ్రూపులో ఆడవాళ్లుంటే బయల్దేరే వేళ వాళ్ల వీలుని బట్టి పెట్టండి. ఆక్వా రైతులకీ ఒక మాట. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి ఏరేటర్ల దగ్గర రాత్రంతా మేలుకుని, అటునుంచి అటే లాంగ్ రన్‌కి రావద్దు. ఆ రోజుకి నిద్రే సాధన, పరుగు సాయంత్రానికి మార్చుకోండి.

ఫిబ్రవరిలో వచ్చిన టైమ్‌తో సెప్టెంబర్‌లో దరఖాస్తు పెట్టొచ్చు, పరుగు మరుసటి ఏప్రిల్‌లో. ఢిల్లీకి శుక్రవారానికల్లా చేరండి. పాత స్వెటర్ ఒకటి, చేతులకు గ్లౌజులు తీసుకెళ్లండి. స్వెటర్ స్టార్ట్ లైన్ దగ్గర విప్పేయండి, గ్లౌజులు పది కిలోమీటర్లు దాటాక తీయండి. మొదటి అయిదు కిలోమీటర్లు చలికి ఒళ్లు తేలికగా అనిపించి 4:05లు పడతాయి. పడనివ్వకండి, 4:18 దగ్గర పట్టి ఉంచండి.