దవడ, మెడ కలిసి నొప్పెడుతుంటే ముందు ఎవరికి చూపించాలి?

ఎడమ దవడ నుంచి మెడ దాకా లాగే నొప్పితో ఏడాదిన్నర తిరిగాను. మెడకు ఎక్స్‌రే తీసి, ఎముకలు అరిగాయని పట్టీ పెట్టుకోమన్నారు. తగ్గలేదు. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని చివరికి పంటి డాక్టరు కనిపెట్టారు.

దవడా మెడా అని తేల్చుకునేముందు గుండె సంగతి చూడాలి. మెట్లెక్కినప్పుడు దవడ లాగి, కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంటే వెంటనే గుండె డాక్టరుకు చూపించండి. ముఖ్యంగా ఆడవాళ్ళకూ షుగరున్నవాళ్ళకూ ఛాతీలో నొప్పి లేకుండానే ఇలా రావచ్చు. చెమటలు, ఆయాసం కూడా ఉంటే 108కి ఫోన్ చేయాలి.

చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవండి. అక్కడ కదిలేదే దవడ కీలు. నొక్కితే నొప్పి, తెరిచినప్పుడు కటుక్కుమనడం, చేగోడీలు నమిలితే పెరగడం, నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోవడం దవడ వైపు చూపిస్తాయి. పళ్ళు కొరికేవాళ్ళకు పొద్దున లేచేసరికి కణతలు బరువుగా ఉంటాయి. మెడ నొప్పి చాలామందికి సాయంత్రానికి, ఫోనూ ల్యాప్‌టాప్ వంగి చూసి చూసి పెరుగుతుంది. తల తిప్పితే తెలుస్తుంది. చేతిలోకి తిమ్మిరి దిగితే నరం నొక్కుకుంటోందేమో చూపించాలి.

ముఖం నుంచి, మెడ పైభాగం నుంచి వచ్చే నొప్పి నరాలు మెదడు కింద ఒకేచోట కలుస్తాయి. అందుకే ఒకచోటి నొప్పి ఇంకోచోట తెలుస్తుంది.

గుండె కాదని తేలి, నమిలితే నొప్పి పెరుగుతుంటే ముందు పంటి డాక్టరు దగ్గరికే వెళ్ళమంటాను. పుచ్చు, జ్ఞానదంతం, కీలు మూడూ అక్కడే చూస్తారు. మెడ ఎముకల అరుగుదల నడివయసు దాటిన చాలామందికి నొప్పి లేకున్నా ఎక్స్‌రేలో కనబడుతుంది. అదే కారణమని నమ్మితే అసలుది వెతకరు. అయితే కారణం తేలకుండా పన్ను పీకించుకోకండి. యాభై దాటినవాళ్ళకు నమిలేటప్పుడు దవడ అలసిపోయి, కణతల దగ్గర కొత్తగా తలనొప్పి మొదలైతే ఆ రోజే డాక్టరును కలవాలి, చూపు పోయే ప్రమాదముంది.

నాకు పళ్ళ అచ్చు తీసి, రాత్రి పళ్ళకు తొడుక్కుని పడుకునే నైట్ గార్డ్ చేసిచ్చారు. అది కొరకడాన్ని ఆపదు, పళ్ళు అరగకుండా కాస్తుంది. నెల తిరిగేసరికి పొద్దుటి నొప్పి చాలా తగ్గింది. మెడ మాత్రం ల్యాప్‌టాప్‌ను కళ్ళ ఎత్తుకు పెట్టాకే కుదుటపడింది.