సాగర్‌లో తెరచాప పడవకు గాలి యాప్ ఎంతవరకు పనికొస్తుంది

నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో, వైజాగ్ కాలనీ వైపు, చిన్న తెరచాప పడవ నడుపుతుంటాను. ఇద్దరు పట్టే ఫైబర్ పడవ, ఇంజను లేదు. కాబట్టి గాలి యాప్ చూడకుండా నల్లగొండ దాటను. కొన్నేళ్లుగా వాడుతున్నది ఒకటే యాప్. పేరు అనవసరం, ఎందుకంటే ఇలాంటివి చాలావరకు అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్, యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ అనే వాతావరణ అంచనా మోడళ్ల అంకెలకే రంగులద్ది చూపిస్తాయి. నా మార్కులు: వానాకాలంలో ఐదుకి నాలుగున్నర, ఎండాకాలంలో రెండు. అవి కూడా పొద్దుటి పూట పుణ్యమే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే పడమటి గాలి సాగర్‌లో పుట్టేది కాదు. అరేబియా సముద్రం నుంచి దక్కను అంతా కమ్ముకుంటూ వస్తుంది. అంత పెద్ద గాలిని మోడల్ బాగానే పట్టుకుంటుంది. మృగశిర కార్తె దాటాక యాప్‌లో 14 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) అని ఉంటే, నీళ్ల మధ్యకు వెళ్లి చేతి గాలిమీటరు పైకెత్తినా దాదాపు అంతే కనిపిస్తుంది. రెండు మూడు రోజుల ముందు చెప్పింది కూడా పెద్దగా తప్పదు.

ఏప్రిల్, మే సాయంత్రాలు అలా కాదు. అప్పటి ఉరుముల మబ్బు ఒక్కోసారి ఒక మండలమంత కూడా ఉండదు. మోడళ్లు నేలను గడులుగా విడగొట్టి లెక్క వేస్తాయి: జీఎఫ్‌ఎస్ గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరప్ మోడల్‌ది 9. ఆ గడిలో మబ్బు ఏ మూలన లేస్తుందో వాటికి తెలిసే దారి లేదు. వాన పడుతున్నప్పుడు చల్లబడిన గాలి మబ్బులోంచి కిందికి దూకి, నీళ్లను తాకి నలువైపులా పరుచుకుంటుంది. చినుకు కంటే ముందు అదే పడవను చేరుతుంది. యాప్ 6 నాట్లు చూపిస్తున్న సాయంత్రం గాలిమీటరులో 30 చూశాను, గట్టు మీద నిలబడి కాబట్టి సరిపోయింది. గాలి వేగం రెట్టింపైతే చాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఆరు కాస్తా ముప్పై అయితే ఇరవై ఐదింతలు.

అందుకే ఎండాకాలంలో నేను యాప్ కంటే అక్కడ వలలు వేసే వాళ్ల మాట వింటాను. "అన్నా, దూరంగ నీళ్లు నల్లగ కనవడ్డయంటే ఇంక ఆగొద్దు, గట్టుకొచ్చెయ్" అన్నాడొకాయన. ఆ నలుపు ఉట్టి నీడ కాదు, మీదికొస్తున్న గాలి నీటిని గరుకుగా చేయడం వల్ల కనిపించే రంగు. దీనికి తోడు పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేయించిన దామిని యాప్ పెట్టుకున్నాను. 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే చెబుతుంది, ఉచితం. నీళ్ల మధ్య అన్నిటికంటే ఎత్తయినది మన పడవ స్తంభమే కాబట్టి ఇది లేకపోతే నాకు టెన్షనే.

ఇక అలలు. నా యాప్‌లో అలల పేజీ సముద్రానికే, సాగర్ దగ్గర ఖాళీగా ఉంటుంది. కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి. అల ఎంత లేస్తుందనేది మూడింటి మీద ఆధారపడుతుంది: గాలి వేగం, అది ఎంతసేపు వీచింది, అడ్డం లేకుండా ఎంత దూరం నీటి మీద వచ్చింది. మన జలాశయం గుండ్రటి చెరువు కాదు, కొండల మధ్య కొమ్మలు చాచుకుని ఉంటుంది. అదే 15 నాట్ల గాలి ఇరుకు కొమ్మకు అడ్డంగా వీస్తే నీళ్లు కాస్త గరుకవుతాయి, అంతే. పొడవాటి చోట వెంబడి వీస్తే తెల్లటి నురగ తలలతో, దగ్గర దగ్గరగా, నిటారుగా లేచే అలలు వస్తాయి. పొట్టి పడవకు ఈ దగ్గరితనమే కష్టం, ఒకటి దాటేలోపు ఇంకోటి ముక్కు మీద పడుతుంది. పడమటి గాలి రోజుల్లో తూర్పు గట్టున పడవ దించడం మానేశాను.

కొండల సంగతీ యాప్‌కు పట్టదు. కొండ చాటుకు వెళ్లగానే గాలి చచ్చిపోతుంది, కొస దాటగానే వేరే దిక్కు నుంచి కొడుతుంది. అందుకని సగటు వేగం కాకుండా 'గస్ట్' (ఉన్నట్టుండి విసిరికొట్టే గాలి వేగం) అనే వరుస చూడండి. రెండింటికీ తేడా పది నాట్లు దాటితే నేను చాప తగ్గించే కడతాను.

మ్యాపులో సాగర్ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. నిండు మట్టం 590 అడుగులు. జూన్‌లో మంచి గాలి మొదలయ్యేసరికి నీళ్లు బాగా కిందికి ఉంటాయి, బండలు బయటపడతాయి, గట్టు ఎక్కడికో జరుగుతుంది. పేపర్లో వచ్చే మట్టం చూసుకుని వెళ్లడం మేలు. శ్రీశైలం గేట్లు ఎత్తాక ఇంకో సంగతి: ఇరుకు చోట్ల ప్రవాహమూ, పడమటి గాలీ రెండూ డ్యామ్ వైపే తోస్తాయి. వెళ్లడం హాయి, రావడానికి ఒళ్లు హూనం.

చలికాలంలో బంగాళాఖాతంలో తుపాను ఉంటే తప్ప గాలే ఉండదు, యాప్ కూడా అదే చెబుతుంది.

ఉచిత వెర్షన్‌లో మూడు గంటలకోసారి అంకెలిస్తుంది, డబ్బు కడితే గంటకోసారి. ఏడాదికి కట్టడం దండగ. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నెలవారీగా కట్టి, తర్వాత ఆపేస్తున్నాను. కొండ మలుపు తిరిగితే సిగ్నల్ పోతుంది కాబట్టి ఆ రోజు పేజీని రోడ్డు మీద ఉండగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.